నలుగురి పాటలో ఐదవ కంఠము



పాశ్చాత్య సంగీతమనగానే మనలో ననేకులకు పియానో, వయొలీను, బ్యాండుమేళము మొదలగు వాద్యములు జ్ఞప్తికి వచ్చును. వాద్యమేమియు లేక, నలుగురు మనుష్యులు దగ్గఱగా నిలుచుండి, తమ కంఠములతోడనే పాడునట్టి గానపద్ధతి యొకటి అమెరికా సంయుక్త రాష్ట్రములలో కలదు. దానిని అచ్చటివారు ‘బార్బర్‌షాప్’ గానమందురు. మన భాషలో క్షౌరశాలా గానమని చెప్పవచ్చును. పేరు వినగానే నవ్వు వచ్చుట సహజమే. కాని యీ పాటకు గల చరిత్రయు, దాని కూర్పులో నిమిడియున్న శాస్త్రమును తెలిసినచో ఆ నవ్వు గౌరవముగా మాఱును. అది యొక తాతగారి యింటిలో నెట్టి స్థానమును పొందియున్నదో నేను కన్నులార చూచితిని. కావున ఈ మూడు విషయములను గూర్చి నేడు మీకు మనవిచేయుదును.

క్షౌరశాలకును సంగీతమునకును సంబంధమేమని ఇతర దేశములవా రడిగిన నడుగవచ్చును గాని తెలుగువా రడుగదగిన ప్రశ్న కాదది. మన గ్రామములలో పెండ్లికి సన్నాయి యూదువా రెవరు? దేవునికి ఉత్సవము జరుగునపుడు ముందు నడచుచు డోలు వాయించువా రెవరు? తరతరములుగా క్షురకవృత్తి నవలంబించిన కుటుంబములవారే గదా! నేడు వారిని నాయీబ్రాహ్మణులని వ్యవహరించుచున్నాము. వారి సన్నాయి మ్రోగనిదే మాంగల్యధారణ జరుగదు. ఇంగ్లండు దేశమున సైతము 16, 17 శతాబ్దములలో క్షౌరశాలయందు ‘సిటర్న్’ అను తంత్రీవాద్యము నుంచెడివారు. తన వంతు వచ్చువఱకు కాచుకొనియుండువాడు దానిని తీసికొని మీటుకొనుచు ప్రొద్దుపుచ్చెడివాడు. తీరుబడి, నలుగురు చేరు చోటు, చెవి యొగ్గి వినువాడు, ఈ మూడును కలిసినచోట పాట పుట్టుట వింత గాదు.

అమెరికాలో నీ గానము పుట్టిన విధము వినుడు. 1865లో బానిసత్వము రద్దయిన పిదప దక్షిణ రాష్ట్రములలో నల్లజాతివారికి స్వతంత్రముగా బ్రదుకుటకు దొరకిన కొలది వృత్తులలో క్షౌరవృత్తి యొకటి. వారి క్షౌరశాల కేవలము జుట్టు కత్తిరించు చోటు గాదు, మన రచ్చబండవంటిది. పనిలేని వేళ పిన్నలును పెద్దలును అచ్చట చేరి, ఒకడు పాట నెత్తుకొనగా తక్కినవారు ఆ పాటకు సరిపడు వేఱు స్వరములను వెదకుకొని జతచేయుచు పాడెడివారు. వ్రాతలేదు, గురువులేడు, చెవియే గురువు. ఫ్లోరిడా రాష్ట్రమున జాక్సన్‌విల్ నగరమున 1871లో జన్మించిన నల్లజాతి కవి జేమ్స్ వెల్డన్ జాన్సన్, తన బాల్యమున ఆ ప్రాంతపు క్షౌరశాలలు పాటగాండ్ర జట్లతో నిండియుండెడివని 1925లో ప్రకటించిన యొక గీతసంపుటపు పీఠికలో వ్రాసియున్నాడు. జగద్విఖ్యాతుడగు జాజ్ విద్వాంసుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ సైతము బాలుడుగా నున్నపుడు న్యూ ఆర్లియన్స్ వీథులలో నట్టి నలుగురి జట్టులో పాడి పైసలు సంపాదించినవాడే.

ఈ పాటను తెల్లవారి నాటకశాలలును గ్రామఫోను కంపెనీలును గ్రహించి దేశమంతటను వ్యాపింపజేసినవి. 1903లో ప్రకటింపబడిన ‘స్వీట్ ఆడెలైన్’ అను ప్రేమగీతము నలుగురు చేరిన ప్రతిచోటను వినవచ్చెడిది. 1910 నాటికి క్షౌరశాలాస్వరములను బేర్కొను పాటయే యొకటి వెలువడినది. కాలక్రమమున పాటను పుట్టించినవారి పేరు మఱుగుపడి, చారల కోటులు తొడిగి మీసములు దువ్విన నలుగురు తెల్లవారి చిత్రమే లోకుల కన్నులలో నిలిచిపోయినది. 1992లో లిన్ ఆబట్ అను పరిశోధకుడు పాతపత్రికలను శోధించి, ఇది నల్లజాతివారి సొత్తని సప్రమాణముగా నిరూపించెను. సొత్తు నొకరిది, పేరు వేఱొకరిది యగుట లోకమున క్రొత్త గాదు. కాని సత్యము తెలిసిన పిమ్మట దానిని చెప్పకుండుట దోషము.

ఇక పాట కూర్పును గూర్చి చెప్పెదను. మన సంగీతమున పదిమంది పాడినను అందఱును ఒకే స్వరమును పాడుదురు. శ్రుతి యొకటి క్రింద నిలిచియుండగా రాగము దానిపై సంచరించును. శ్రుతిని తల్లిగను లయను తండ్రిగను మన పెద్దలు భావించిరి. క్షౌరశాలా గానమున నట్లు గాక, ఒకే క్షణమున నలుగురును నాలుగు వేర్వేఱు స్వరములను పలుకుదురు. అసలు పాటను పాడువాడు ‘లీడ్’. అతనికి పైస్థాయిలో, సన్నని తేలికయైన గొంతుతో పాడువాడు ‘టెనర్’. అన్నింటికిని అడుగున పునాదిరాయివలె నిలుచువాడు ‘బేస్’. నాల్గవవాడు ‘బారిటోన్’. ఇతని పని చిత్రమైనది. తక్కిన ముగ్గురును పాడగా ఏ స్వరము లోపించినదో దానిని పూరించుటయే ఇతని ధర్మము. అందుచే ఒకమాఱు లీడునకు పైగాను, ఒకమాఱు క్రిందుగాను గంతులు వేయుచుండును. అతని భాగమును ఒంటరిగా వినినచో అది పాటవలెనే తోచదు. అతడు మానివేసినచో పాటయే బోలుపడును. ప్రతి యింటిలోను ఇట్టివా రొకరుందురు. వారి పని యెవరికిని కానరాదు. వారు లేని నాడు మాత్రము అందఱికిని కానవచ్చును.

ఈ నాలుగు స్వరముల పొందికలో వారికి మిక్కిలి ప్రియమైనది యొకటి కలదు. మన పరిభాషలో చెప్పవలెనన్న షడ్జమము, అంతర గాంధారము, పంచమము, కైశికి నిషాదమునకు సమీపమున దానికంటె నించుక దిగిన నిషాదము, ఈ నాలుగును ఒక్కసారిగా పలుకుట. వీని కంపనముల నిష్పత్తి 4 : 5 : 6 : 7. బడిలో లెక్కలు చెప్పినట్లు చెప్పెదను. ఒకడు సెకనుకు 200 కంపనముల స్వరమును పాడిన, రెండవవాడు 250, మూడవవాడు 300, నాల్గవవాడు 350 కంపనముల స్వరమును పాడవలెను. ఈ నాలుగు సంఖ్యలను 50 నిశ్శేషముగా భాగించును గదా! ఆ లెక్క కుదిరినపుడు నాలుగు కంఠముల కంపనములును సెకనుకు 50 మాఱులు కలిసికొనును. ప్రతి కంఠమునను పుట్టు ఉపస్వరములు ఒకదానిపై నొకటి పడి బలము పుంజుకొనును. అప్పుడు నలుగురును పాడని స్వర మొకటి వారి తలలపై మ్రోగుచున్నట్లు వినవచ్చును. నలుగురే పాడుచుండగా ఐదవ కంఠ మొకటి చేరినట్లుండును.

ఇది మాయ గాదు. చక్కగా శ్రుతిచేసిన తంబురాను మీటునపుడు, ఏ తంత్రికిని లేని గాంధారము తనంతట తాను పలుకుట మీలో ననేకులు వినియుందురు. మంద్ర తంత్రిలోని ఉపస్వరమే అది. తంబురాలో జరుగునదే ఇచ్చట కంఠములలో జరుగుచున్నది. పియానోలో స్థాయిని పండ్రెండు సమభాగములుగా విభజించియుందురు గనుక పైని చెప్పిన నిష్పత్తి సరిగా కుదరదు. అందుచేతనే ఈ గాయకులు పాట కారంభమున నొక చిన్న శ్రుతిపీకను ఊది స్వరము నందుకొని, పిమ్మట దేని సాయమును లేక పాడుదురు. ఐదవ కంఠము పలుకవలెనన్న నలుగురును ఒకే అచ్చును ఒకే తీరున నోరు తెఱచి పలుకవలెను. ఒకే క్షణమున ఊపిరి పీల్చవలెను. తన గొంతుకంటె ప్రక్కవాని గొంతును ఎక్కువగా వినవలెను. నలుగురిలో నొకడు తన ప్రజ్ఞను చూపబోయినచో ఐదవ కంఠము వెంటనే మాయమగును.

1920 తరువాత రేడియోయు, మాటలాడు చలనచిత్రములును వచ్చుటతో జనులు తాము పాడుట మాని ఇతరుల పాటలను వినుటకు మరగిరి. ఈ పాట యంతరించునేమో యను చింతతో ఓక్లహోమా రాష్ట్రమున టల్సా నగరమున ఓవెన్ క్యాష్ అను న్యాయవాదియు రూపర్ట్ హాల్ అను వ్యాపారియు మిత్రులకు ఆహ్వానము పంపిరి. 1938 ఏప్రిల్ 11వ తేదీ సాయంకాలము టల్సా క్లబ్బు మేడపై 26 మంది సమావేశమై పాడిరి. అటుపిమ్మట ‘అమెరికాలో క్షౌరశాలా చతుష్క గానమును సంరక్షించి ప్రోత్సహించు సంఘము’ అను దీర్ఘనామముతో నొక సంస్థ వెలసినది. ఆనాటి ప్రభుత్వశాఖల పొడియక్షరముల పేర్లను పరిహసించుటకై ఎనిమిది యక్షరముల సంక్షేపనామమును పెట్టుకొనిరి. 2004లో ఆ సంస్థ ‘బార్బర్‌షాప్ హార్మొనీ సొసైటీ’ యని పేరు మార్చుకొన్నది. స్త్రీలు తమకు వేఱుగా 1945లో టల్సాలోనే ‘స్వీట్ ఆడెలైన్స్’ అను సంఘమును స్థాపించుకొనిరి. బ్రిటను, స్వీడను, జర్మనీ, న్యూజిలాండు మొదలగు దేశములకును ఈ గానము వ్యాపించినది.

ఈ కథలో మచ్చ యొకటి కలదు. దానిని దాచుట తగదు. 1941లో న్యూయార్కు నగరపు పోటీలో గ్రాండ్ సెంట్రల్ రైల్వేస్టేషనున సామానులు మోయు నల్లజాతి పనివారి జట్టు, ‘రెడ్ క్యాప్స్’ అనునది, ప్రథమ స్థానమును గెలుచుకొన్నది. సెయింట్ లూయీ నగరమున జరుగు జాతీయ పోటీకి వారు పోవలసియుండగా, నల్లవారను కారణమున సంఘమువారు నిరాకరించిరి. న్యూయార్కు రాష్ట్రమునకు పూర్వము గవర్నరుగా నుండిన ఆల్ స్మిత్, నగరాధికారి రాబర్ట్ మోజెస్, ఇరువురును ఆ యన్యాయమును సహింపక సంఘమునుండి తొలగిరి. ఎవరి తాతలు పుట్టించిన పాటయో, వారికే ఆ పాట వేదికపై చోటు లేకపోయెను! ఆ నిషేధము 1963లో గాని తొలగలేదు. పురుషుల సంఘమున స్త్రీలకు సభ్యత్వము 2018లో లభించినది. కంఠములు కలియుట యెట్టిదో బోధించు సంఘమునకు మనుష్యులు కలియుట నేర్చుకొనుటకు ఇంతకాలము పట్టినది.

ఇక నే నెఱిగిన తాతగారి విషయము. నా కుమారుడు ఓహాయో రాష్ట్రమున నొక చిన్న యూరిలో నుద్యోగము చేయుచున్నాడు. 2019లో నేను వానియొద్ద ఆఱు నెలలుంటిని. మా ప్రక్కయింటివారు 78 ఏండ్ల వృద్ధులు. కర్మాగారమున యంత్రములు బాగుచేయు పని నుండి విశ్రాంతి గైకొన్నవారు. ముప్పది యేండ్లు ముగ్గురు మిత్రులతో గూడి బారిటోను పాడిరట. ఆ మిత్రులలో ఇద్దఱు గతించిరి. ఒకరికి వినికిడి పోయినది. మిగిలిన తమ ఒక్క భాగమును ఒంటరిగా పాడుకొని ప్రయోజన మేమి? అందుచే వారు తమ యింటిలోనే నాలుగు గొంతులను సమకూర్చుకొనిరి. పెద్దకుమారుడు బేస్, కుమార్తె లీడ్, ఆమె కూతురు, పదునాలుగేండ్ల బాలిక, టెనర్. పాటలను వ్రాతమూలమున గాక, చివరి చరణపు కొసముక్కలను ఒక్కొక్కటిగా నోట చెప్పి నేర్పిరి. ఆ కొసముక్కలను ‘ట్యాగు’లందురు. పరిచయము లేని నలుగురు సైతము ఒక ట్యాగును కొలది నిమిషములలో నేర్చుకొని పాడి ఆనందించుట ఈ గాయకులలో వాడుక.

ప్రతి యాదివారము మధ్యాహ్నము ఒంటిగంటకు, భోజనమునకు ముందు, వారి యింట పాట జరిగెడిది. అవ్వగారు పాడరు, కాని శ్రుతి తప్పినచో చెంచాతో కంచముపై నొక దెబ్బ కొట్టెడివారు. ఆ చెంచా తీర్పునకు అప్పీలు లేదు. నన్ను మొదటిసారి పిలిచిన దినమున నాకు ఏమియు బోధపడలేదు. రాగచ్ఛాయ కానరాక చెవి తడబడినది. అంత తాతగారు నన్ను ముందు బేసును మాత్రమే వినుమనియు, మఱునాడు దానిపై లీడును వినుమనియు చెప్పిరి. మా మనుమరాలు నాకు వారి మాటలను తెలుగు చేసెడిది. మూడవ యాదివారమున, పాట చివర, ఆ ఐదవ కంఠము నాకు వినబడినది. ఒడలు గగుర్పొడిచినది.

ఆ యింటిలో అంతకు కొన్ని యేండ్ల క్రిందట నొక తగవు నడిచినదట. తాతగారికి పూర్వులనుండి వచ్చిన నలువది యెకరముల పొలము కలదు. అమ్మవలెనని కుమారుడు, అమ్మరాదని కుమార్తె. మాట పెరిగి అన్నచెల్లెండ్ర నడుమ పలుకులు నిలిచిపోయినవి. ఇట్టి తగవులు మన గ్రామములలో నెట్లు ముదురునో, గోడలు లేచి, కోర్టుల కెక్కి, చివఱకు చావునకుగూడ రాని స్థితికి ఎట్లు వచ్చునో మీకు నేను చెప్పవలసిన పనిలేదు. తాతగారు ఎవరి పక్షమును మాటాడలేదట. “తగవు మీది, ఆదివారము ఒంటిగంట నాది” అని మాత్రము చెప్పిరట. బేసు రానిదే లీడు నిలువలేదు. లీడు లేనిదే బేసునకు అర్థములేదు. కుమారుడు వచ్చి, చెల్లెలి ముఖము చూడకయే పాడబోయెను. అవ్వగారి చెంచా మ్రోగినది. చూడక పాడిన శ్రుతి కలియదు గదా! ఆమె నోటి కదలికను చూచి, ఊపిరితో ఊపిరి కలిపి పాడకతప్పినది కాదు. పాట ముగియగానే భోజనము చేయకయే వెడలిపోయెడివాడట. కొన్ని వారములకు భోజనమునకు నిలిచెను. ఏడాదికిపైగా ఇట్లే జరిగినది. మాట ఆగినను పాట ఆగలేదు. తుదకు సగము పొలము నమ్మి సగము నుంచుకొనిరి.

“మీ పాట వారిని కలిపినది” అని నేను తాతగారితో అంటిని. వారు తల యడ్డముగా నూపి ఇట్లు చెప్పిరి: “పాట తగవు తీర్చలేదు. తగవు తీర్చుకొనుటకు వారిద్దఱును మరల కూర్చుండవలసిన బల్లను మాత్రము తీసివేయనీయలేదు.” ఈ మాటలో నతిశయోక్తి లేదు. సంగీతము రాళ్లను కరగించునని కవులు చెప్పుదురు. ఈ వృద్ధుడు అంత చెప్పలేదు. మనుష్యులు కరగువఱకు వారిని ఒకచోట నిలిపియుంచునని చెప్పెను.

ఒకనాడు మా మనుమరాలు నన్ను, “తాతయ్యా, మన యింటిలో అందఱును కలిసి పాడు పాట యేది?” అని యడిగినది. “మంగళహారతి” అని చెప్పితిని. శుభకార్యముల యందు ముత్తైదువులు పాడు హారతులు, శనివారపు భజనలు, నాట్లువేయునపుడు ఒకతె యెత్తుకొనగా వరుసయంతయు నందుకొను పాటలు, చంటిబిడ్డకు పాడు జోలలు, ఇవన్నియు మనవి. వీనిలో నాలుగు స్వరముల పొందిక లేకున్నను నలుగురి పొందిక కలదు. అది విని మా మనుమరాలు ఒక హారతిని నాయొద్ద నేర్చుకొన్నది. నా గొంతు వడకినచోట తాను నిలబెట్టుచు పాడెడిది.

గ్రామవృద్ధులారా! పరదేశపు పాటను మనము పాడవలెనని నేను చెప్పుట లేదు. ఆ తాతగారి పద్ధతినుండి మనము గ్రహింపదగినవి మాత్రము కొన్ని కలవు. మొదటిది, ఇంటిలో పాటకొక వేళ నేర్పఱచుట. వారమున కొకమాఱైనను చాలును, కాని యే తగవు వచ్చినను ఆ వేళ తప్పరాదు. రెండవది, పిల్లవానికిని ఒక భాగమిచ్చుట. కూర్చుండి వినుమన్న బాలుడు లేచిపోవును. తాళము నీ చేత నున్నదన్న బాలుడు నిలుచును. మూడవది, మన నోటనున్న పాటను మనము జీవించియుండగానే నోటితో నేర్పుట. యంత్రములో పాట నిలిచియుండును గాని, తప్పు పాడినపుడు కంచముపై చెంచాతో కొట్టు అవ్వ యంత్రమున నుండదు.

చివరిది మన గ్రామమునకే చెందినది. పెండ్లిలో సన్నాయి యూదు విద్వాంసుని పందిరి మూలను కూర్చుండబెట్టి, విందు ముగిసిన తరువాత నన్నము పెట్టు ఆచారము కొన్నిచోట్ల నింకను కానవచ్చుచున్నది. అతడు శ్రుతి నిలుపనిదే మన శుభకార్యము శుభకార్యము గాదు. రెడ్ క్యాప్సు జట్టునకు జరిగిన యన్యాయమును విని మనము దూరదేశమువారిని నిందించుట సులభము. మన పందిట ఆ సన్నాయి విద్వాంసుని మొదటి పంక్తిలో కూర్చుండబెట్టి వడ్డించుట అంతకంటె మంచిపని. అట్టి పంక్తిలో పాడిన హారతికి ఐదవ కంఠము తప్పక తోడగునని నా నమ్మకము.